మరిది బదులు మైకు ముందు

బుధవారం, నవంబరు 12
వర్క్‌షాపు నుంచి

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజానికి క్షేమం కన్నా నీరసం ఎక్కువగా ఉంది. మీ అన్నయ్యకి జలుబు, పిల్లకి పరీక్షలు, నాకు కాళ్ళ పీకులు. గొంతు ఆపరేషను తర్వాత డాక్టరుగారు చెప్పినట్టే నోరు విప్పకుండా ఉన్నావనీ, పలక మీద ఏవేవో రాసి పిల్లల్ని నవ్విస్తున్నావనీ మీ అక్కయ్య చెప్పింది. ఫోనులో నేనొక్కదాన్నే మాట్లాడుతూ ఉంటే నువ్వు అటు ఊరికే వింటూ కూర్చోవడం నాకు బాగాలేదు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న శనివారం చిన్న పరిశ్రమల సంఘం సభకి నీ బదులు నేనే వెళ్ళాను. నువ్వు ఎప్పుడో ఒప్పుకున్న ప్రసంగం కదా, ఎగ్గొడదామనే చూశాను. ఆహ్వానాలు అచ్చయిపోయాయమ్మా, మీరైనా వచ్చి రెండు ముక్కలు చెప్పండి అని కార్యదర్శి ప్రాణం తీశాడు. నీకు తెలియనిదేముంది, మన కంపెనీలో తయారీ నా వంతు, మాటలు నీ వంతు. వస్తువు బాగుంటే అదే అమ్ముడుపోతుంది, మనం ఊరూరా తిరిగి చెప్పుకోవడం ఎందుకని నీతో పోట్లాడుతూ వచ్చినదాన్ని. పైగా ఈ మధ్య చెప్పుకోవడానికి ఏం మిగిలింది గనక. అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఒక్కొక్కరే లిఫ్టులకి తగిలించిన మన పెట్టెలు విప్పి వెనక్కి పంపిస్తున్నారు. ఇంకో రెండు చోట్ల ఇలాగే జరిగితే షట్టరు దించుకోవాల్సిందే.

మేడమీద హాలు. ఏసీలోంచి కారే నీళ్ళు చుక్కచుక్కగా బకెట్టులో పడుతున్నాయి. నోరు తెరిచానో లేదో మైకు కూత పెట్టింది. నువ్వు రాసిచ్చిన ప్రసంగమే చదవడం మొదలుపెట్టాను. లిఫ్టులో ఇరుక్కున్న పెళ్ళికొడుకు జోకు కూడా చెప్పాను. నువ్వు చెబితే పొట్ట చెక్కలయ్యే జోకు అది. నేను చెబితే ముందు వరసలో పెద్దాయనొకరు, మంచినీళ్ళేమైనా కావాలా తల్లీ అని అడిగారు.

ఇక నీ కాగితాలు పక్కన పెట్టేశాను. నాకు తెలిసిందే చెప్పాను. లిఫ్టు మోటారుకి తగిలిస్తే మన పెట్టె దాని అదురు ఎలా పసిగడుతుందో, లోపల బేరింగు అరుగుతుంటే లిఫ్టు ఆగిపోకముందే ఎర్రలైటు ఎలా వెలిగిస్తుందో చెప్పాను. చెబుతుంటే నాకే ఒకటి అర్థమైంది. ఇన్నేళ్ళలో ఈ సంగతి మొదటి నుంచి చివరిదాకా ఒక వరసలో నేనెవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. అలా చెప్పుకుంటూ పోతే మనకి తెలియని చోటు దగ్గరికి వచ్చి ఆగక తప్పదు. ఆగాను.

దాటేయడానికి ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొన్ని బిల్డింగుల్లో మోటారు శుభ్రంగా ఉన్నా పొద్దున్న పూట ఎర్రలైటు వెలుగుతోంది, బోర్డు మార్చాం, వైర్లు మార్చాం, కారణం మాత్రం తెలియలేదు అన్నాను. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు తలలెత్తారు. వెనక నుంచి ఒకతను లేచి, ఇలా బయటపెట్టుకుంటే మీ పోటీవాళ్ళు ఊరుకుంటారా మేడమ్ అన్నాడు. వాళ్ళూ ఇక్కడే ఎక్కడో కూర్చునుంటారు, కారణం తెలిస్తే చెప్పమనండి బాబూ, నేను అలసిపోయాను అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. అది మాత్రం నా సొంత జోకు, అనుకోకుండా చేసింది.

సభయ్యాక టీ బల్ల దగ్గర ఒకాయన జనం పలచబడేదాకా తచ్చాడాడు. నీళ్ళ పంపు వేగాన్ని అదుపుచేసే పెట్టెలు తయారుచేస్తాడట. పంపులాయన అనుకో. గొంతు తగ్గించి, మీ లైటు వెలిగే బిల్డింగుల్లో లిఫ్టు గది పక్కనే పంపు ఉంటుందా అండీ అని అడిగాడు. కొన్నిచోట్ల ఉంటుందన్నాను. మొహం పాలిపోయింది పాపం. తన పెట్టెలు కూడా కొన్నిచోట్ల ఊరికే ఆగిపోతున్నాయట. పేరు పోతుందని ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదట.

మర్నాడే ఇద్దరం ఒక బిల్డింగు మేడెక్కాం. పంపు పక్కనే ఉందని మనం చూడకపోలేదు. కానీ ఎన్నాళ్ళనుంచో ఆ పంపు ఉన్నా మన పెట్టెకి ఏమీ కాలేదు కదా, అందుకే అనుమానించలేదు. పాత స్టార్టరు తీసేసి లోపల ఇతని పెట్టె బిగించారని మనకెవరు చెప్పారు? పొద్దున్నే మేడమీది ట్యాంకులోంచి ఇళ్ళకి నీళ్ళు తోయడానికి పంపు వేశారు. మన ఎర్రలైటు వెలిగింది. అతను తన పెట్టె ఆపేసి పంపుని నేరుగా కరెంటుకి కలిపి నడిపాడు. లైటు ఆరిపోయింది. మళ్ళీ పెట్టె వేశాడు, మళ్ళీ వెలిగింది. పంపుకీ లిఫ్టుకీ ఎర్తు వైరు ఒకటే. అతని పెట్టె పుట్టించే కరెంటు గోల మనకీ, లిఫ్టు మోటారు గోల అతనికీ ఆ వైరులోంచే పోతోంది. ఇద్దరం అక్కడే నీళ్ళ ట్యాంకు నీడలో కూలబడ్డాం. ఒక్క మాట ముందే పైకి అనుకుని ఉంటే ఎంత బాగుండేదండీ అన్నాడు.

నువ్వు మీటింగులకి పోతుంటే, హోటలు భోజనం కోసం తిరుగుతున్నావని వెక్కిరించేదాన్ని. మాట్లాడేది అమ్ముకోవడానికి కాదు వదినా, మన పని గురించి పదిమందికి తెలిస్తే వాళ్ళకి తెలిసింది మన దగ్గరికొస్తుంది అనేవాడివి. అప్పుడు చెవిన పెట్టలేదు.

అలాగని అంతా చక్కబడిందనుకోకు. ప్రతి బిల్డింగుకీ వెళ్ళి ఎర్తు వేరుచేయాలి. పెట్టె విప్పేసినవాళ్ళలో ఒకరు ఫోనే ఎత్తడం లేదు. పంపులాయన మాత్రం సగం మేడలు తనెక్కుతానన్నాడు. ఈలోగా ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు వచ్చి మాట్లాడమన్నారు. సరేనన్నాను. అక్కడ పెళ్ళికొడుకు జోకు మాత్రం చెప్పను.

మందులు మానకు. అక్కయ్యని విసిగించకు.

నీ మీద బెంగతో,
వదిన

తా.క. అసలు మాట రాయకుండానే కవరు అంటించబోయాను. విశ్రాంతి తీసుకుంటే నీ గొంతు మామూలుగా వచ్చేస్తుందని నీతో చెప్పాం. అది నిజం కాదు. ఒకవైపు నరం దెబ్బతిందనీ, పక్కన కూర్చున్నవాళ్ళకి వినబడేంత బొంగురు మాట తప్ప హాలంతా వినబడే గొంతు ఇక రాదనీ డాక్టరుగారు ఆపరేషను రోజే మాకు చెప్పారు. కోలుకునేదాకా నీకు చెప్పొద్దన్నది మీ అన్నయ్య. నేనూ తలూపాను. తెలిసింది లోపల పెట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో మొన్న ఆ నీళ్ళ ట్యాంకు దగ్గర చూశాక ఇక నావల్ల కాలేదు. ఇంతవరకూ రాసింది మీ అన్నయ్యకి చూపించాను. చదివి, కవరుకి స్టాంపు తనే అంటించాడు. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. మమ్మల్ని తిట్టాలనిపిస్తే రాసి ఉంచు. ఒక్క ముక్క వదలకుండా, అందరి ముందూ, నేనే పైకి చదువుతాను.