మామ సంతకం పెట్టిన వకాలత్

మంగళవారం, తిరుత్తణి

పొద్దున మామ మెడకు కట్టుకునే తెల్ల కోర్టు బ్యాండుకు అత్త గంజి పెట్టి తీగ మీద ఆరేసింది. నిన్ననే ఆయన ఎర్రజెండా పార్టీ తరఫున నామినేషన్ వేశాడు. ఇక కోర్టుకు వెళ్లడని ఆమెకు గుర్తు లేదు. ఇరవై ఏళ్ల అలవాటు మరి. మామ చూసి నవ్వాడే గానీ, నేను తీయబోతే తీయనివ్వలేదు.

తర్వాత మణవాళనగర్ నుంచి మునెమ్మ వచ్చింది. ఆమె కొడుకు పోలీసు స్టేషన్‌లో చనిపోయినప్పటి నుంచీ ఆ కేసు మామదే. నా పేరున రాసిన కొత్త వకాలత్ మీద, కేసు నేను నడపడానికి తనకు అభ్యంతరం లేదని మామ సంతకం పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

"ఓట్ల కోసరం నన్ను వదిలిపెడతా ఉండారా అయ్యా?"

"వదల్లేదక్కా. మా పాప చూసుకుంటాది. నాకంటే బాగా చదివినాది."

"చదువు సరే. ఈ పాపకు నోరుండాదా?"

మామ పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మునెమ్మ మాత్రం నవ్వలేదు. నా ముఖం చూస్తూనే వేలిముద్ర వేసింది.

మామ గెలవాలని నాకు నిజంగానే ఉంది. ఓడితే మళ్లీ కోర్టుకు వస్తాడు కదా అని కూడా...

ఆరిన బ్యాండును నేనే మడిచి సంచిలో పెట్టుకున్నాను. మునెమ్మ కేసు వాయిదా రేపే. మామ దగ్గర జూనియర్‌గా చేరిన ఈ రెండేళ్లలో నేను జడ్జి ముందు ఒక్క మాటా మాట్లాడలేదు.