టీసీ ఫారంలో ఒక ఖాళీ

నాన్నా,

ఎదురుగా కూర్చుంటే అరుస్తానని ఈ ఉత్తరం మీ టిఫిన్ సంచిలో పెడుతున్నాను.

యాసిడ్ సీసాల అర ఊడిపోయేలా ఉందని, మా కాలేజీ ల్యాబ్ అటెండర్‌గా మీరే మూడుసార్లు రిజిస్టర్‌లో రాశారు. అది నా క్లాస్‌మేట్ మీద పడ్డాక, ఆ మాటలు లేకుండా రిజిస్టరంతా మళ్లీ రాసి యాజమాన్యానికి ఇచ్చారు. ఏడాది రాతంతా ఒకే సిరా! ఎవరికీ తెలియదనుకున్నారా?

అడిగితే "నీ సీటు వాళ్ల చేతుల్లో ఉందిరా" అన్నారు. అమ్మేమో "ఆ విద్యార్థి సంఘం కరపత్రాలు పొయ్యిలో పెట్టి చదువుకో" అంది. అన్యాయం చూసి నోరు మూసుకోవడం కూడా అన్యాయమేనని వాటిలోనే చదివాను. నా కోసం మా నాన్నే నోరు మూసుకుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ రాయలేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. కళ్లు పోయిన ఆ పిల్ల నా అడుగుల చప్పుడు విని "ఎవరూ?" అంది. పేరు చెప్పలేక వెనక్కి వచ్చేశాను.

నేను వేరే కాలేజీకి మారిపోతాను. ఏడాది పోతే పోనీ. ఇక్కడ నా సీటే లేకపోతే మీకు భయమెందుకు? శుక్రవారం విచారణలో జరిగింది చెప్పండి.

టీసీ ఫారం కూడా సంచిలోనే ఉంది. తండ్రి సంతకం ఒక్కటే తక్కువ. మీరు పెట్టకపోతే, ఆ భయం నా సీటు గురించి కాదని అర్థం చేసుకుంటాను.

మీ అబ్బాయి