బుధవారం వేడినీళ్లు

కుష్టు డాక్టరు బాబుకి, మా ఊళ్లో మీ బుధవారాల పాకను చూసుకునే ముసలిది స్కూలు మేష్టారి చేత రాయిస్తున్న ఉత్తరం.

చలికాలంలో ఎవరూ రావడం లేదు కాబట్టి పాక మూసేస్తామని కబురు చేశారు. మూయకండి. వాళ్లు రాకపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు, నేనూ కారణం.

మీరు చెప్పినట్టే ప్రతి బుధవారం అందరి చేతులూ చన్నీళ్లలో నానబెట్టించి, నూనె రాసి, వంగిన వేళ్లు సాగదీయించేదాన్ని. పుష్యమాసం వచ్చేసరికి, మొద్దుబారిన చేతులకు చలి తెలియకపోయినా మోచేతుల దగ్గర వణుకు పుడుతోందని ఒక్కొక్కరే మానేశారు. అందుకని నీళ్లు కాచాను. వేడినీళ్లనగానే పదకొండు మంది వచ్చారు. వేడి సరిపోయిందో లేదో నా చెయ్యే పెట్టి చూశాను. నాదీ అదే రోగమని ఆ పూట మరిచాను బాబూ.

మొదట చేతులు ముంచింది నా తమ్ముడి కొడుకు సుక్రు.

"ఏటత్తా, ఇయి సల్లనా, ఎచ్చనా? మనిద్దరిలో ఎవులికెరుక?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నీళ్ల పొగ కనబడలేదా అంటారేమో, ఆ ఉదయం ఊరంతా పొగమంచే. చేతులు తీసేసరికి బొబ్బలు. తర్వాత చీము పట్టి మూడు వేళ్లు పోయాయి. థింసా ఆటకు డప్పు కొట్టిన చేతులవి. వాడు నన్నేమీ అనడు. మిగతావాళ్లే పాక వైపు తొంగిచూడరు.

తప్పు నాది. నన్ను తీసెయ్యండి, పాకను ఉంచండి. ఈ చలి నెలలకైనా వేడి తెలిసే చెయ్యి ఉన్న మనిషిని పంపండి. కట్టెలు నేనే మోస్తాను. ఇంటింటికీ పోయి తిట్టయినా అందరినీ లాక్కొస్తాను.

కింద వేలిముద్ర వేస్తున్నాను. వేలికి సిరా అంటిందో లేదో మేష్టారే చూసి చెబుతున్నారు.