సూది తర్వాత స్నానం

1976, జనవరి 11
రుక్మమ్మ ఇవాళ పూజ దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మరిచిపోయిన సూదుల డబ్బా కోసం నేను మళ్లీ వెళ్లాను కాబట్టి సరిపోయింది. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకుంది. ఎన్నిసార్లు చెప్పాను... షుగరు సూది వేశాక అరగంటలో ముద్ద నోట్లో పడాలని. ఆమెకేమో నా చెయ్యి తగిలాక స్నానం, ఆపైన పూజ, అప్పుడు గానీ తిండి లేదు. వాళ్లు ముఖేడ్ బజారులో షావుకార్లు. మాది ఇదే నాందేడ్ జిల్లాలో హిమాయత్‌నగర్ అవతల, ఊరి బయట కూలోళ్ల వాడ. స్నానం ఎందుకో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దవాఖాన నర్సుగా రోజూ వెళ్లి సూది వేస్తున్న ఈ తొమ్మిదేళ్లలో ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మా అమ్మ పోయినప్పుడు వాళ్ల అరుగు మీద నా పక్కన కూర్చుని, నా చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత లోపలికి పోయి స్నానం చేసింది.

జనవరి 12
చెప్పేశాను. "స్నానం, పూజ అన్నీ ముందే చేసుకో అమ్మా. సూది ఆఖరుకు. ఎంబడే తినాలె." దీపపు వత్తులు చేసుకుంటూ ఉండిపోయింది.

జనవరి 13
తడి జుట్టు! పూజ కూడా అయిందట. చెయ్యి చాపింది — "కానియ్యి బిడ్డా." సూది వేశాను. కంచం దగ్గరికి లాక్కుని నా ఎదుటే జొన్నరొట్టె తుంచుకు తిన్నది. "గట్ల సూస్తవేంది, దిష్టి తగుల్తది!"
దవాఖాన దాకా ఏడుస్తూనే పోయాను.

జనవరి 29
రోజూ అంతే. మళ్లీ పడిపోలేదు. ముఖంలో కాస్త కళ. నాకూ ఒక రొట్టె పెడుతోంది.

ఫిబ్రవరి 18
నాందేడ్ నుంచి ఆమె ఆడబిడ్డ వచ్చి ఉంది. మడి మనిషి. ఇవాళ రుక్మమ్మ జుట్టు పొడిగా ఉంది. నా ముఖం చూడకుండానే — "ఇయ్యాల ముందటి లెక్కనే, బిడ్డా." లోపలి నుంచి ఆడబిడ్డ — "వదినా, నీళ్లు కాగినయ్."
సూది వేశాను. తిండి ఆలస్యమవుతుందని తెలిసీ మోతాదైనా తగ్గించలేదు. రోజూ చెప్పే మాట, "జల్ది తిను" — అదీ అనలేదు. ఒళ్లు మండింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం
దేవుడి ముందు తల వంచుకుని కూర్చుందట. జపంలో ఉందనుకుని రెండు గంటలు ఎవరూ కదిలించలేదు. డాక్టరు గ్లూకోజు ఎక్కించినా కళ్లు తెరవలేదు. జీపులో నాందేడ్ తీసుకుపోయారు.

ఫిబ్రవరి 19
కబురు లేదు.

ఫిబ్రవరి 21
పోయింది.

మార్చి 1
ఆమె కొడుకు దవాఖానకు వచ్చి చేతులు జోడించాడు. "తొమ్మిదేండ్లు మా అమ్మను కాపాడినవ్ సిస్టర్. ఎల్లుండి పన్నెండో దినం. లోపల మాతోని కూసోని తినాలె." ఆ రోజు సంగతి చెప్పబోయి, "వస్త" అన్నాను.

మార్చి 3
చీర కట్టుకున్నాను. అందరి ముందూ చెప్పాలి — ఆ రోజు సూది వేసి, అలిగి వచ్చేశానని. తినమని చెప్పి ఉంటే వినేదేమో. ఆడబిడ్డ ముందు వినేది కాదేమో. చెప్పకుండా ఆ ఇంట్లో ముద్ద ఎట్లా దిగుతుంది? చెప్పాక ఎవరు వడ్డిస్తారు?
పదకొండున్నర. వాళ్ల మనిషి వచ్చి రెండోసారి పిలిచి వెళ్లాడు.