చింతచెట్టు మీది నెమళ్లు

జనవరి 19
నువ్వు పిరికిదానివి, కాగితమా. నేనేం రాసినా మోస్తావు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.
మా ఊరు కినత్తుకడవులో, మా తోటలో, చింతచెట్టు పక్క కరెంటు తీగల కింద, రెండు ఆడ నెమళ్లు చచ్చి పడున్నాయి. తోట మా అన్నకీ నాకూ ఉమ్మడి. టమోటా పంట వేసింది మాత్రం అన్న.

జనవరి 20
రాత్రిళ్లు వెడి వేస్తున్నారట — టపాకాయలు. పగలు ఎంత తరిమినా మళ్లీ టమోటాల్లోకే దిగుతున్నాయని, అవి నిద్రపోయే చెట్టు కిందే పేలుస్తున్నారు. అన్న దాచకుండా చెప్పాడు. మురుగన్ పండగ తైపూసానికి పళని దాకా నడవాలని మాల వేసుకున్న మనిషి. విషం పెట్టడు, రాయి విసరడు.
"సత్తం, ఉత్త చప్పుడు మాత్రం పెడితిమి పాపా. మురుగన్ వాహనం అది. దానికి రాత్రిలో కన్ను తెలీదా?"
తెలీదు. రాత్రి నెమలికి చూపు ఆనదు.

జనవరి 21
చీకటి పడ్డాక చెట్టు దగ్గర కూర్చున్నాను. వెడి లేదు — నేనున్నానని. కారు తలుపు వేస్తే చాలు, పైనుంచి కేక. దూరాన లారీ హారన్‌కీ కేక. చెవులు మేలుకునే ఉంటాయి… కళ్లు మాత్రం పగటివి. గుడ్లగూబ ఒకటి అవే తీగల మధ్య నుంచి చప్పుడు లేకుండా పోయింది. దానికి చీకట్లో దారి ఉంది. వీటికి తెల్లారేదాకా కొమ్మ తప్ప ఏమీ లేదు. ఆ కొమ్మ మీంచే లేపి, కనపడని తీగల మీదికి తోలుతున్నాం.

జనవరి 22
అన్నతో గొడవ. చట్టం చెప్పాను. జైలన్నాను. ఆయన అరవలేదు. లోపలికి వెళ్లి, నిరుడు నేను తమిళంలో అచ్చు వేయించి ఊరంతా పంచిన కరపత్రం తెచ్చి, వదిన చేత చదివించాడు — నెమళ్లకు విషం పెట్టకండి, శబ్దం చేసి తరమండి.
"నీవు సెప్పిందే సేస్తిమి. ఇప్పుడు నన్ను పట్టిస్తావా?"
వదిన దాన్ని మడుస్తూ, "ఏ పొద్దులో తరమాలనో రాయలేదే, అమ్మిణీ?" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

జనవరి 23
రాయలేదు.

జనవరి 24
ఇంకొకటి. మగది. కోత అయ్యేదాకా రెండు రోజులు ఓర్చుకోమని అన్న అంటూనే ఉన్నాడు. కాలువగట్టున తానే పూడ్చి, స్నానం చేసి, విభూతి పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

జనవరి 25
ఎల్లుండి ఆయన నడక. ఫారెస్టు ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. అన్న పేరు దగ్గర చెయ్యి ఆగింది… రాశాను. కింద నా పేరూ, నా కరపత్రం సంగతీ. ఇంకా ఇవ్వలేదు. ముందు అన్నకు ఇవి చెప్పాలి:
వెడి ఈ సాయంత్రమే ఆపాలి.
టమోటా చుట్టూ వల కట్టాలి.
తీగలకు తొడుగు వేయమని కరెంటు ఆఫీసులో ఇద్దరం అర్జీ పెట్టాలి.
నా కరపత్రం తప్పని నేను ఊళ్లో చెప్పేటప్పుడు ఆయన వచ్చి వినాలి.
పళనికి బయలుదేరక ముందే, ఈ ఫిర్యాదు ఇవ్వడానికి నాతో ఫారెస్టు ఆఫీసుకు రావాలి. పూడ్చిన చోటు ఆయనే చూపాలి.