నలభై మీటర్ల ఆలస్యం

అక్కా, నీ చెల్లెలు క్షేమం, ఉద్యోగమూ నిలిచింది. మొన్న ఫోనులో ఏడ్చి నిన్ను హడలగొట్టినందుకు కోప్పడకు. పాత బావుల్లో దొరికిన రాళ్లను బట్టి, ఈ కొత్త చమురు బావిలో ఇసుకరాయి ఎంత లోతున తగులుతుందో బొమ్మ గీసిచ్చింది నేనే కదా. తీరా అంత లోతుకు దిగితే వట్టి బంకమట్టి రాయి వచ్చింది. డ్రిల్లింగ్ మేస్త్రీ, “అమ్మాయ్, నీ బొమ్మ తప్పింది. మూసేద్దాం” అన్నాడు. పైకొచ్చిన రాతిముక్కలన్నీ కడిగి మళ్లీ మొదటినుంచీ చూశాను. పైపొరలోని సున్నపురాయే అనుకున్నదానికంటే నలభై మీటర్లు దిగువన తగిలింది!

“ముందు బండే ఆలస్యమైతే వెనక బండి వేళకొస్తుందా బాబాయ్? ఇంకో నలభై మీటర్లు దించండి” అని బతిమాలాను. ఆయన నవ్వేసి ఒప్పుకున్నాడు. ముప్పై ఎనిమిదో మీటరులో ఇసుకరాయి తగిలింది. ఊదారంగు దీపం కింద పెడితే నిమ్మతొక్కలా మెరిసింది. ఇసుకరాయిలో చమురు జాడ ఉంటే అలా మెరుస్తుంది. “తర్వాతి బావికీ లోతు గుర్తు నువ్వే పెట్టు” అన్నాడు మేస్త్రీ. వచ్చే వారం నీళ్లూ ఇసుకా గట్టి ఒత్తిడితో పంపి ఆ రాయిని చీలుస్తారు. చమురు ఎంత పారుతుందో అప్పుడే తెలుస్తుంది గానీ, నాకు నమ్మకముంది.

నా మందపాటి మేజోళ్లు బీరువా కింది అరలో ఉన్నాయి, పంపు. బావ మోకాలి కట్టు విప్పారా? బొమ్మ కుదరకపోతే చంటిది కాగితం చింపేస్తోందని రాశావు. పిన్ని కూడా చెరిపి మళ్లీ గీస్తుందని చెప్పు. దానికి ముద్దులు, బావకు నమస్కారాలు.

నీ చెల్లి