కుడివైపు జేబు

ఉచిత లెక్కల పాఠాల ఆఫీసువారికి,

కుట్టక్క నమస్కారాలు. అసలు పేరు వేరే ఉంది గానీ, బట్టలు కుట్టే కొట్టు తెరిచినప్పటినుంచీ వీధి వీధంతా నన్నిలాగే పిలుస్తోంది.

చిన్నప్పుడు పదో తరగతి లెక్కల్లో తప్పి బడి మానేశాను. ఇప్పుడు మిషను పక్కన ఫోను నిలబెట్టి, మీ మాస్టారి పాఠాలు వింటూ మళ్ళీ పరీక్షకి కట్టాను. ఈసారైనా గట్టెక్కాలి. ఆయన చెబుతుంటే వృత్తాలు కూడా బుర్రకెక్కుతున్నాయి.

ఒక్కటే బెంగ. ఏ పాఠం చూసినా ఆయన ఒంటిమీద అదే నీలం చొక్కా. పోనీ, అదైనా ఆయనదేనా? మగవాళ్ళ చొక్కాకి జేబు ఎడమవైపు ఉంటుంది. ఆయనకి కుడివైపుంది. గుండీలు కూడా ఆడవాళ్ళ చొక్కాకి కుట్టినట్టు ఎడమ అంచున ఉన్నాయి. భార్య చొక్కా వేసుకొచ్చి పాఠం చెబుతున్నారన్నమాట, పాపం! ఉచితం ఉచితం అంటూ ఆయన కడుపు మాడుస్తున్నారా ఏమిటి? నా పరీక్ష అయ్యేదాకైనా ఆయన్ని బాగా చూసుకోండి.

ఇట్లు,
కుట్టక్క

తా.క. నిన్న గిరాకీ వస్తే పాఠం ఆపాను. మాస్టారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. పెద్దమనిషిని అలా చూడలేక పైన లైనింగు గుడ్డ కప్పాను.

*

కుట్టక్క గారికి,

మీ లేఖ అందినది. మా అధ్యాపకులు క్షేమం. రెండు పూటలా భోంచేస్తున్నారు. పాఠాలన్నీ ఒకే వారంలో వరసగా తీసినందున ఒకే చొక్కా కనిపించును.

ఈ పాఠాలు చూడడానికే కాదు, వాడుకోవడానికీ ఉచితమే. ఎవరైనా వాటిని కత్తిరించుకోవచ్చు, అతికించుకోవచ్చు, తమకు అనువుగా మార్చి నలుగురికీ పంచవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జేబు విషయం కార్యాలయ పరిధిలోకి రాదు.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క. అధ్యాపకులు అవివాహితులు.

*

కార్యదర్శి నాయనా,

పెళ్ళి కాలేదా! మరి ఆ చొక్కా ఎవరిది?

నేనొక్కదాన్నే అయితే నోరు మూసుకునేదాన్ని. మీరు కత్తిరించి అతికించుకోమన్నారు కదా, మా పనే అది కదా అని వృత్తాల పాఠాన్ని ముక్కలు చేశాను. మధ్యమధ్య నేను గొడుగు గౌను కత్తిరిస్తుండగా ఫోన్లో తీసి అతికించాను. నడుము కొలతలో ఇంచుమించు ఆరో వంతు తీసుకుని గుండ్రంగా కత్తెర పెడతాం. ఎందుకు ఆరో వంతో నాకు పని నేర్పినావిడకీ తెలీదు. మీ మాస్టారు చుట్టుకొలతకీ వ్యాసార్ధానికీ ఉన్న లంకె చెప్పాకే తెలిసింది. అది వీధికంతా పంపాను. ఇప్పుడు సాయంత్రమైతే ఇస్త్రీ ఆవిడా, పాలకొట్టు ఆవిడా, మా ఆడపడుచూ నా కొట్లోనే కూర్చుని లెక్కలు చేస్తున్నారు. లెక్కల కన్నా చొక్కా సంగతే ఎక్కువ నడుస్తోందనుకోండి. "నిప్పు లేనిదే పొగ రాదు వదినా" అంటోంది మా ఆడపడుచు.

అందుకే కంటి కొలతతో ఆయనకో చొక్కా కుట్టి పంపుతున్నాను. గుండీలు మగవైపు పెట్టాను. జేబు మాత్రం ఎడమచేతికి అందేలా కుడివైపే ఉంచాను.

మీ మంచి కోరే
కుట్టక్క

తా.క. ఆయన పుర్రచెయ్యి చల్లగా ఉండాలి. నాదీ పుర్రచెయ్యే. బళ్ళో ఆ చేతిమీద కొట్టి కుడిచేత్తో రాయించేవారు. లెక్క పూర్తయ్యేలోగా గంట కొట్టేసేవారు. పుర్రచేత్తో అంత ముచ్చటగా రాసే మాస్టారిని చూశాకే మళ్ళీ పుస్తకం పట్టాను. ఈసారి పరీక్ష ఈ చేత్తోనే రాస్తాను.

*

కుట్టక్కా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని తిట్టకండి. ఈ ఆఫీసులో కార్యదర్శీ, అధ్యాపకుడూ, గది ఊడ్చేవాడూ అన్నీ నేనే. మీ చొక్కా అందింది. భుజాలు అచ్చు నావే! కొలత తీసుకోకుండా ఎలా కుట్టారక్కా?

నేను గాజు పలక వెనక నిలబడి రాస్తాను. ముందునుంచి తీస్తే మీకు అక్షరాలు తిరగబడతాయి కనక, వీడియో మొత్తాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేస్తాను. అక్షరాలు తిన్నగా వస్తాయి, నేను తిరగబడతాను. నా జేబు ఎడమవైపే. గుండీలు మగవైపే. చెయ్యి కూడా... అక్కా, నాది కుడిచెయ్యి.

మీ తా.క. చదివాక ఈ మాట దాచేద్దామనుకున్నాను. చొక్కా నింద మోయడానికైనా సిద్ధపడ్డాను. కానీ మిమ్మల్ని మోసం చేసి మీకే లెక్కలు చెప్పడానికి మనసొప్పలేదు. దయచేసి పరీక్ష మానకండి. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాశాను. పొద్దున మొదలుపెడితే ఇప్పటికైంది. మీరు చిన్నప్పుడు పడ్డ అవస్థ కొంచెం తెలిసింది.

మీ తమ్ముడు,
లెక్కల మాస్టారు

తా.క. మీ చొక్కా వేసుకుని కొత్త పాఠం తీశాను. తిప్పగానే జేబు సరిగ్గా ఎడమవైపుకొచ్చింది. గుండీలు మాత్రం మళ్ళీ ఆడవైపుకి పోయాయి. మీ ఆడపడుచుకి చూపించకండి.

*

తమ్ముడూ,

మీ ఉత్తరం చదివి ఆ పూట మిషను తొక్కలేదు. ఏడుపొచ్చింది, దాచడమెందుకు. ఉన్న ఒక్క తోడూ పోయిందనిపించింది. తరవాత మీ కోడిగీతలు మళ్ళీ చూశాను. బళ్ళో కుడిచేత్తో నేను రాసినవీ అచ్చం ఇలాగే ఉండేవి. నాకోసం ఒక మాస్టారు కూర్చుని అంత కష్టపడ్డారంటే ఇంకేం కావాలి? మీది కుడిచెయ్యి అయితే అయింది, నాది పుర్రచెయ్యే కదా అనుకుని పరీక్షకి వెళ్ళాను. గంట కొట్టకముందే ముగించాను. పాసయ్యాను!

ఇంకో చోద్యం వినండి. నేను అతికించిన ముక్కల్లో నేను కుడిచేత్తో కత్తిరిస్తున్నట్టుంది! నా ఫోను నన్నూ తిప్పేసింది. అందుకని నా ముక్కలన్నీ తిన్నగా మళ్ళీ తీసి పంచాను. ఎక్కడో ఏ పుర్రచేతి పిల్లో చూస్తే, ఈసారి తోడు నిజంగానే ఉండాలి కదా.

మీ అక్క,
పదో తరగతి పాసైన కుట్టక్క

తా.క. అన్నీ ఒకే రోజు, ఒకే గౌనులో తీశాను. ఎవరో తల్లి నామీద జాలిపడి కొత్త గౌను కుట్టి పంపింది. కుట్టు ఏమీ బాగాలేదు. విప్పి మళ్ళీ కుట్టుకుని వేసుకున్నాను.